నెట్ ఒక్కటి చాలు భాయ్

ఆ గొడుగు కింద సిమ్ములు పెట్టుకోని కూసున్నాయనకు జర చెప్పు ముజఫ్ఫర్ భాయ్, అవతలి మనిషి ఏం అడుగుతాందో ఇని మాట్లాడాలె అని. "అన్‌లిమిటెడ్ కాల్స్ అమ్మా, దినమంత మాట్లాడుకోవచ్చు" అని ఒక్కటే పాట. నా బిడ్డకు చెవులు ఇనపడయి, మాటలు రావు, నెట్ ఒక్కటే గావాలె నాయినా అంటే, "మాటలు గూడ ఫ్రీనే గదమ్మా, వద్దంటవేంది?" అంటడు.

ఫ్రీనేనంట! పదిహేడేండ్ల సంది ఎవలిచ్చిన్రు మాకు ఫ్రీగ మాటలు?

అది చాలదని ఇంకోటి. పాట గూడ పెట్టుకోవచ్చునంట, మనకెవలన్న ఫోన్ చేస్తే వాళ్లకు ఇనపడేటట్టు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఇగ ఇటొచ్చిన.

ఆ, నిజమే. సీదా నీ దుకాణంలకే రావాలె. బస్టాండ్ల దిగి రోడ్డు దాటితే నీదే. కానీ కాళ్లు ఇటు రాలే భాయ్. గందుకనే ముందుగాల గాడ నిలబడ్డ.

కూసుంట. ఛాయ్ వద్దు. వద్దంటున్న గద. నీ చేతి ఛాయ్ తాగే మొఖం... ఏం లేదు. ఏదో అన్న. పొద్దుగాల్నే తాగిన, కడుపుల మంట లేస్తాంది, గందుకే.

సంధ్యనా? ఎట్లుంటది. కుడిచేతికి పట్టి ఉన్నది. మణికట్టు ఇరిగింది, రెండు వేళ్లు ఇరిగినయి. ఇంకో మూడు వారాలు కదిలియ్యొద్దన్నరు. పట్టి ఇప్పినంక వేళ్లు మునుపటి తీరు వంగుతయో లేదో ఇప్పుడే చెప్పలేనన్నడు డాక్టరు. మనకు చెయ్యి ఇరిగితే చెయ్యే ఇరుగుతది భాయ్. దానికి చెయ్యి ఇరిగితే నోరు గూడ పోయె.

ఇగో, ఆధార్ కార్డు. సిమ్ము నా పేరు మీదనే ఉన్నది. నువ్వే తీసిచ్చినవ్ గద, దానికి పద్దెనిమిది నిండలేవని. గిది స్టేషన్ల ఇచ్చిన కాయిదం. ఫోన్ డబ్బా మీది నంబరు రాసుకున్నరు, ఎత్తుకపోయినోడు వాడకుంట బందు చేపిస్తమన్నరు. కానిస్టేబుల్ మంచోడే. అన్ని ఓపికతోని రాసుకున్నడు. "వాడు గుంజుకుంటుంటే పిల్ల ఎందుకు ఒర్లలేదమ్మా?" అని ఒక్కటి మాత్రం అడిగిండు.

దాని బాపు పక్కకే ఉండె. "దానికి ఒర్లుడు రాదు సార్. సప్పుడు చేస్తది గానీ, ఆ సప్పుడు ఎవలకు సమజ్ కాదు" అన్నడు. ఆ కానిస్టేబుల్ పెన్ను కింద పెట్టి, లేశి ఆయనకు కుర్చీ ఏసిండు. ఆయనకు గూడ బిడ్డలున్నరేమో.

అదే నంబరు కావాలె భాయ్. కొత్తది వద్దు. దాని దోస్తులందరికి ఆ నంబరే తెలుసు.

ఫొటోనా? దిగుత. ఇటు చూడాల్నా? కండ్లు మూసి తెరవాల్నా? ఇగో, మూసిన. రాలేదా? మల్ల చెయ్యాల్నా? కండ్లల నీళ్లుంటే మిషిను పట్టదా? ఆగు, కొంగుతోని తుడుసుకుంట. ఆ... ఇప్పుడు చూడు. వచ్చిందా? సరే.

ఫోన్ గింత పెద్దది వద్దు. ఎంత మంచిదైనా వద్దు. ఎడమచేతుల పట్టుకోని ఎడమ బొటనవేలుతోనే కొట్టాలె అది. ఇది ఆగుతదా? నా చేతులకియ్యి. ఆ, ఇది ఆగుతది. నా చెయ్యి, దాని చెయ్యి ఒక్కటే సైజు. చేతులు మాత్రం నాయే వచ్చినయి దానికి, గాజులు గూడ నాయే ఎక్కుతయి.

పైసల ఫికర్ వద్దు. దాని బాపు మగ్గం మీది చీర కోసి, నూలిచ్చి నేపించే మాలిక్‌కు ఇచ్చిండు. మాలిక్ ఇచ్చిన పైసలన్ని నా చేతుల పెట్టి, ఫోన్ తేపో అన్నడు. ఆయన అనవట్టి శాన దినాలాయె.

నీకు మా ఆయన సంగతి ఎక్కువ తెల్వదు. దశరథ. మగ్గం మీదికెళ్లి లేవడు, బజారుకు రాడు. మాట గూడ తక్కువ. కానీ ఈ పిల్ల విషయంల ఆయన చేసింది నేను చెయ్యలే భాయ్. ఏడాదిన్నరకు జరం వచ్చి దానికి చెవులు పోయినయి. ఆరో ఏట పట్నంల మాటలు రాని పిల్లల హాస్టల్ల ఏసినం. గాడ చేతులతోని మాట్లాడుడు నేర్పుతరు. ఆయన నెలకోసారి పోయి, గాడ టీచరమ్మ కాడ కూసోని, చిన్న పోరగాళ్ల నడుమ కూసోని, ఒక్కొక్కటి నేర్సుకున్నడు. ఇంటికొచ్చి మగ్గం కాడ ఎవలు లేనప్పుడు వేళ్లు తిప్పుకుంట ఉండేటోడు. నేను చూసి నవ్వేదాన్ని.

నేను నేర్సుకోలే. ఆసు పోసేదాన్ని అప్పుడు. అంటే చీరెకు నూలును ఆ మేకుల సుట్టు ఒక్కొక్క పోగు తిప్పి తిప్పి పొయ్యాలె, పొద్దుగాల కూసుంటే దీపాల యాల్ల దాంక చెయ్యి ఆగొద్దు. నా చేతులు నూలుకే సరిపోతయి, నేనేడ నేర్సుకుంట అని చెప్పేదాన్ని. అందరు నిజమే అనుకున్నరు. నిజమేందో చెప్పాల్నా? నాకు సిగ్గు. బజార్ల, బస్సుల, పెండ్లిల బిడ్డ ముంగట చేతులు ఊపుకుంట నిలబడాల్నంటే నాకు సిగ్గనిపించేది. నేను వాగుడు మనిషిని భాయ్. నా కడుపుల పుట్టిన బిడ్డకు గిట్ల మాట లేకుంట పోవుడేంది అని ఉండేది.

ఫోన్ వచ్చినంకనే నా బిడ్డ నాతోని మాట్లాడింది.

యాదికున్నదా? పదో తరగతి పాసయిందని నీ దుకాణంలనే కొన్నం. తెలుగుల కొట్టుడు నువ్వే నేర్పినవ్ దానికి, గీ స్టూలు మీద కూసోబెట్టి. ఇంటికి పోయినంక వంటింట్ల ఉంటే నా ఫోన్ టింగుమన్నది. తీసి చూస్తే దాని మెసేజ్. నేను కూడబలుక్కుంట చదివిన. ఏం రాసిందనుకున్నవ్? "అమ్మా నువ్వు పప్పుల ఉప్పు ఎక్కువ ఏస్తవ్. చిన్నప్పటి సంది చెప్పాలనుకుంటున్న."

నాకు కోపం రాలే! పొయ్యి కాడనే కూసోని నవ్విన, ఏడ్సిన. పదిహేనేండ్లు ఆ ఉప్పు పప్పే తిన్నది భాయ్ నా బిడ్డ, ఎట్ల చెప్పాల్నో తెల్వక.

ఇగ అప్పటి సంది ఒకటే మెసేజ్‌లు. పక్క అర్రల కూసోని మెసేజ్ పెట్టేది. నీ చీరె మంచిగుందని. బాపుకు నడుము నొస్తాంది, నీతోని చెప్తలేడని. అవ్వ నన్ను ఎందుకు 'పాపం' అంటది, ఆ మాట అన్నప్పుడల్ల ఆమె నోరు గుర్తుపడ్తున్న, అనొద్దని చెప్పు అని. మా అత్తమ్మ తోని లొల్లి పెట్టుకున్న ఆ దినం నేను.

పెదవులు చూసి మాట గుర్తుపడ్తది భాయ్. అన్ని కాదు. తెలిసినోళ్లు, రోజు చూసే మనిషి అయితే శానవరకు పడ్తది.

ఏంది, ప్లానా? చెప్పు. ఇరవై ఎనిమిది దినాలదా? వద్దు, నెల తిరక్కముందే అయిపోతది, మల్ల నేను నీ కాడికి రావాలె. ఎనభై నాలుగు దినాలది చెప్పు. దినానికి ఒకటిన్నర జీబీ సరిపోతదా? అది మాట్లాడేదంత వీడియో బొమ్మల భాయ్. చెయ్యి కనపడాలె, మొఖం కనపడాలె. జరసేపు బొమ్మ ఆగిందంటే సగం మాట పోయినట్టే. రెండు జీబీలది చెయ్యి.

మాటలు లేకుంట ఉత్త నెట్‌ది లేదా? లేదా! నెట్ వద్దు ఉత్త మాటలు చాలు అనేటోళ్లకు ఉన్నదంట, గా గొడుగాయన చెప్పిండు. మాటలు వద్దనేటోళ్లకు లేదు. సరే తీయ్, ఉండనీ. పడి ఉంటయి.

ఇంకోటి అడగాలె. అచ్చంపేట దిక్కు ఏ సిమ్ముకు మంచిగ వస్తది? గాడ అఫ్రీన్ అని దాని దోస్తు ఉన్నది, ఆ పిల్ల ఫోన్ల నెట్ ఊకె ఆగుతదంట, హాస్టల్ల ఒక్క మంచం మీద పండుకునేటోళ్లు. వాళ్ల బాపు ఖలీద్, అడవి అంచుకు ఊరు. హాలియాల మెర్సీ అని ఇంకో పిల్ల. సాయంత్రం అయిందంటే ముగ్గురు ఫోన్ల కూసునేటోళ్లు. సప్పుడు లేదు, ముచ్చట లేదు, ఇంట్ల ఎవలున్నట్టే ఉండదు. తొంగి చూస్తే దాని చేతులు పచ్చులు ఎగిరినట్టు ఎగురుతుండేటియి. పడి పడి నవ్వేది. ఇరవై రెండు దినాలాయె ఇప్పటికి, ఆ నవ్వు లేక.

తెలుసు, నీకు తెలుసు. కానీ నువ్వు చూసింది సగమే భాయ్. ముందుగాల ఏమైందో దాని బాపు ఒక్కొక్కటి అడిగి రాబట్టిండు. అది ఎడమచెయ్యి కదిలించుడు, ఆయన 'గిట్లనా, గిట్లనా' అనుడు, అది తల ఊపుడు.

కంప్యూటర్ క్లాసుల ఆ దినం పరీక్ష ఉండెనంట, లేటయింది. నాలుగింటి బస్సు పోయింది. మా ఊరి బస్సు ఆగే కాడ బెంచి మీద కూసోని అఫ్రీన్‌తోని మాట్లాడుతాంది, ఒక చేతుల ఫోన్, ఒక చెయ్యి ఊపుకుంట. పక్కకు ఒకాయన వచ్చి కూసున్నడంట. మంచి అంగి తొడుక్కున్నడు, జేబుల పెన్ను గూడ ఉన్నదంట. దీన్నే చూసిండంట జరసేపు. మాటలు రాని పిల్ల అని వానికి సమజైంది. అంతే, చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నడు. గుంజుకోలే, తీసుకున్నడు. వాని వస్తువే అన్నట్టు.

ఇది లేశి వాని అంగి పట్టుకున్నది. ఇడువలే. వాడు ఉరకలే భాయ్, ఉరికితే పట్టుకుందురు గద. నిలబడి ఒర్లిండు. "దొంగ! దొంగ! నా ఫోన్ గుంజుకుంటాంది!" అని. ఫోన్ వాని చేతుల ఉన్నది. మాట వాని నోట్ల ఉన్నది. ఇగ ఎవలను నమ్ముతరు?

ఎవతో జుట్టు పట్టిందంట. ఎవడో నడుముల తన్నిండంట. వాడు అంగి ఇడిపించుకోని, తాపీగ ఎల్లిపోయిండు. పోయినోణ్ని ఎవలు చూడలే. అందరు దీన్నే చూస్తుండ్రి.

ఆ తర్వాతది నువ్వే గద. దుకాణం ఇడిసిపెట్టి ఉరికొచ్చి, "అరే, ఆ పిల్లకు మాటలు రావు, ఆ ఫోన్ ఆ పిల్లదే, నేనే అమ్మిన" అని అడ్డం పడ్డవంట. నీకు గూడ రెండు పడ్డయంట వీపుల. దాని బాపు చెప్పి చెప్పి ఏడ్సిండు. ఆ మనిషి లేకుంటే మన బిడ్డ లేదు లీలా, ఒకసారి పోయి ఆయన కాళ్లు మొక్కిరా అన్నడు.

వద్దు భాయ్.

గా మాట అనకు. కొనుగోలుకే ఇస్త, పైన ఒక్క రూపాయి వద్దు అంటే నేను తీసుకోను. అందరికి ఎంతకిస్తవో నాకూ అంతకే ఇయ్యి. పాపం తల్లి మనసు ఎంత తల్లడిల్లుతాందో అంటున్నవు చూడు, అది అసలే అనకు. దవాఖానల గూడ గదే మాట అన్నవు. "తల్లి వచ్చింది, తోవ ఇడువుండ్రి" అని అందరిని జరిపినవు. నీ దస్తీ ఇచ్చినవు కండ్లు తుడుసుకోనీకి. ఆ దస్తీ ఇంట్ల ఉతికి పెట్టిన. తేలే. తేవాల్నంటే చెయ్యి రాలే.

నేను గాడనే ఉన్న భాయ్.

దవాఖానల కాదు. బస్టాండ్ల. గా గుంపుల.

కూసో. నువ్వు కూసో, నిలబడకు. ఎవలతోని చెప్పలే నేను. దాని బాపుకు తెల్వదు. నువ్వు గిట్ల మంచి మాటలు అంటుంటే లోపల ఉంటలేదు.

ఆ దినం నేను గూడ టౌనుకొచ్చిన. రంగులేయనీకి దారం ముడులు కట్టిన నూలు, మాలిక్ కాడ అప్పజెప్పి పోదామని. సంధ్య ఎప్పటి లెక్కనే నాలుగింటి బస్సుకు పోయి ఉంటది, నేను ఐదింటి దానికి పోదాం అనుకున్న. బస్టాండ్లకు వచ్చేటాల్లకు గుంపు. ఇరవై, ముప్పై మంది. జాంపండ్లు అమ్మే ఆమెను ఏమైందే అని అడిగిన. "దొంగది దొరికిందక్కా, ఫోన్ గుంజుకుంటుంటే పట్టుకున్నరు" అన్నది.

పోయినేడు గదే బస్టాండ్ల నా సంచి కోసిండ్రు భాయ్. మాలిక్ ఇచ్చిన పట్టు పోయింది సంచిల. ఆ పట్టుకోసం ఆర్నెల్లు కూలి లేకుంట చేసిన. దొంగ అనంగనే నా ఒళ్లు మండింది. ఎవతో ఏందో గూడ చూడలే. మడమలు లేపి చూసిన. నడుమ ఒక పిల్ల వంగి ఉన్నది, జుట్టంత మొఖం మీద పడ్డది. మొఖం కనపడలే.

సప్పుడు ఇనపడ్డది.

అదే నిన్నటి సంది, మొన్నటి సంది, ఇరవై రెండు దినాల సంది నా చెవులల్ల మోగుతున్నది. పదిహేడేండ్లు ఇన్న సప్పుడు భాయ్ అది. ఆకలైతే అదే, దెబ్బ తాకితే అదే, నవ్వితే అదే. ఎన్ని ఇండ్లవతల ఉన్నా గుర్తుపడ్తననుకునేదాన్ని. పట్టలే. పిచ్చిదేమో, తాగిందేమో అనుకున్న.

నా సంచిల ఫోన్ మోగుతాంది. తీసి చూసిన, ఎవలదో నంబరు. కట్ చేసిన. మల్ల మోగింది. మల్ల కట్ చేసిన. తర్వాత తెలిసింది, ఖలీద్ అని. అచ్చంపేట కాడికెళ్లి. అఫ్రీన్ ఫోన్ల అంత చూసిందంట, ఎవని చెయ్యో అడ్డం వచ్చుడు, ఫోన్ తలకిందులైపోవుడు. వాళ్ల బాపును గుంజుకపోయి చేతులతోని చెప్పిందంట. ఎక్కడో అడవి అంచుకు ఉన్న పిల్లకు తెలిసింది. పది అడుగుల దూరంల ఉన్న నాకు తెల్వలే. నేను తమాషా చూస్తున్న.

ఉత్తగ చూసుడైతే ఎట్లనన్న మోసుకుందును.

నేను ఒర్లిన భాయ్. ఒక మాట అన్న. "చెయ్యి ఇరగ్గొట్టుండ్రి దానిది! మల్లోపాలి ఎవల సంచి మీద పడకుంట!" అని. గట్టిగ అన్న. నా గొంతు నీకు తెలుసు గద. పక్కకున్నోళ్లు తిరిగి చూసిండ్రు. ఒకాయన "కరెక్టు చెప్పినవ్ అక్కా" అన్నడు.

నా మాట ఇనే ఇరగ్గొట్టిండ్రో, అంతకుముందే ఇరిగిందో. ఎవలు చెప్తరు నాకు? ఎవలను అడగాలె? నువ్వు వచ్చేటాల్లకే ఇరిగి ఉండెనా? ఆగు, చెప్పకు. చెప్పకు భాయ్. తెలిసినా చెప్పకు.

ఇంతల్నే మా బస్సు వచ్చింది. సీటు దొరుకుతదో లేదో అని ఉరికిన. దొరికింది, కిటికీ కాడనే. పక్కకు కూసున్న ఆమెతోని గూడ చెప్పిన, దొంగది దొరికింది, మంచిగ తన్నిండ్రు అని. ముచ్చట లెక్క చెప్పిన. బస్సు టౌను దాటినంక నీ ఫోన్ వచ్చింది. నీ పేరు పడ్డది గనుక ఎత్తిన. "అక్కా, సంధ్యకు దెబ్బలు తాకినయి, బస్టాండ్ల దొంగ అనుకోని కొట్టిండ్రు" అన్నవు.

నేను ఏమన్ననో నాకు యాదికి లేదు. ఆ బస్సుల నా పక్కకున్న ఆమె నా మొఖం చూసింది. ఆమెకు అర్థమైంది భాయ్. లేశి నాకు తోవ ఇచ్చింది.

దవాఖానకు వచ్చేటాల్లకు దాని చెయ్యి వాసి గింత ఉన్నది. నన్ను చూసి ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. చూసింది, అంతే. నా మొఖం కాదు. నా నోరు చూసింది.

అప్పటి సంది గంతే. అన్నం కలిపి తినిపిస్త. తింటది. జుట్టు దువ్వుత. కూసుంటది. నేను మాట్లాడితే నా కండ్లల్లకు చూడదు, నా నోరే చూస్తది. మాట్లాడుడు అయిపోయినంక గూడ చూస్తది. గా గుంపుల సందులకెళ్లి, ఆ జుట్టు సందులకెళ్లి నన్ను చూసిందా? నా నోరు తెరుసుడు చూసిందా? చూస్తే గుర్తుపట్టిందా? పట్టలేదా? నాకు తెల్వదు. ఆయన ఎన్నిసార్లు అడిగినా ఆ గుంపుల ఎవలెవలు ఉండ్రి అనే కాడికి వచ్చేటాల్లకు చెయ్యి కింద పెడ్తది. కండ్లు మూసుకుంటది.

ఒక్కటి చెప్పాల్నా? ఎన్ని దర్గలకు తిప్పిన, ఎన్ని గుళ్లకు తిప్పిన దాన్ని, చెవులు రావాల్నని. కనపడ్డ దేవునికల్ల మొక్కిన. గా రాత్రి దవాఖానల దాని మంచం పక్కకు కూసోని ఏమనుకున్ననో తెలుసా? దీనికి చెవులు లేకుంట చేసి మంచి పని చేసినవ్ దేవుడా అనుకున్న. అనుకున్న భాయ్. గిదీ తల్లి మనసు. నువ్వు పాపం అంటున్నది దీన్నే.

గందుకే ఫోన్ ఇన్ని దినాలు ఆలస్యమైంది. పైసలు లేక కాదు. ఆయన చీరె కోసినప్పుడే ఇచ్చిండు. పోయిన సోమవారం పోతనన్న, నడుం నొస్తాందన్న. బుధవారం నీ దుకాణం బందుందన్న. బందు లేదు, నాకు తెలుసు. స్టేషన్ల కాయిదం ఇయ్యలేదన్న. మూడో దినమే ఇచ్చిండ్రు. బియ్యం డబ్బాల దాసిపెట్టిన.

పలక మీద ఎడమచేతితోని రాయనీకి చూసింది. రెండక్షరాలు వంకర టింకర గీసి ఇసిరికొట్టింది. కానీ ఫోన్ అయితే బొటనవేలుతోని కొడ్తది. చేతికి ఫోన్ వచ్చిందంటే అన్ని రాస్తది భాయ్. పప్పుల ఉప్పెక్కువైంది అని మొఖం మీద రాసిన పిల్ల అది, దేనికి దాసుకుంటది? అఫ్రీన్‌కు రాస్తది. వాళ్ల బాపుకు రాస్తది. నాకు రాస్తది. నా ఫోన్ టింగుమంటే నేను తెరవాలె.

నిన్న ఆయన మగ్గం మీదికెళ్లి లేశి నా ముంగటకొచ్చి నిలబడ్డడు. ఎన్నడు గట్టిగ అనని మనిషి. "పిల్ల నోరు కట్టేసి కూసోబెట్టినవ్ నువ్వు" అన్నడు. ఊకెనే అన్నడు, ఆయనకేం తెల్వదు. కానీ నాకు తాకింది. ఇంకెన్ని దినాలు ఆపుత?

ఇగో, పైసలు తీసుకో. తక్కువ తీసుకోకు, ఒట్టు. ఎనభై నాలుగు దినాలది చేసినవా? మెసేజ్ వచ్చిందా? నెట్ ఆన్ చేసి, ఒకపాలి చూసి ఇయ్యి. మెసేజ్‌లు పోయే ఆ ఆకుపచ్చది గూడ పెట్టు.

ఏంది? ముందుగాల నేనే చెప్పాల్నా? అది అడగకముందే?

చెప్పాలె. నువ్వన్నది సరే. ఎట్ల చెప్తరు భాయ్? ఫోన్ల కొడ్దామని పొద్దుగాల నాలుగుసార్లు 'సంధ్యా' అని రాసి నాలుగుసార్లు తుడిసేసిన. దాని ముంగట కూసోని చేతులతోని చెప్దామంటే, తప్పయింది అనేదానికి చెయ్యి ఎట్ల తిప్పుతరో నాకు రాదు. ఇంట్ల ఆయనకొక్కనికే వస్తది. ఆయనను అడిగితే, ఎందుకు లీలా అంటడు.

కవర్ల పెట్టియ్యి భాయ్. బస్సుకు యాల్లయింది.